ఏడో భాగం ఆడితే వానొస్తుంది

మొన్న మా ఊరి ఫోను గ్రూపులో ఒక మెసేజీ వచ్చింది. "ఆ కాలంలో మన కళ్లంలో ఆడిన సీరియలు ఏడో భాగం ఎవురికైనా యాడన్నా దొరికితే పెట్టండప్పా. బుడ్డలేసి ఇరవై దినాలాయ, చుక్క లేదు." బుడ్డలంటే మా వైపు వేరుశనగ. కింద పదిమంది దండం బొమ్మలు పెట్టారు. ఆ సీరియలు ఆడినప్పటికి అసలు పుట్టనే పుట్టనివాడు ఒకడు "అర్జెంట్" అని రాశాడు.

బయటివాళ్లకు ఇది పిచ్చి మాటగా తోస్తుంది. మాకు తోచదు. మా ఊరు బత్తలపల్లె నుంచి ముదిగుబ్బ పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. అక్కడ వాన పడాలంటే ఒక మనిషి ఎండిపోయిన బావిలో తాడు పట్టుకుని వేలాడాలి. ఆ తాడును ఒంటికన్ను దుర్మార్గుడు కోయాలి. చూస్తున్నవాళ్లంతా ఒక్కసారిగా "దేవుడా" అనాలి. ఇదంతా మాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తెలియనిదల్లా ఆ తాడు పట్టుకున్న మనిషి చివరికి ఏమయ్యాడన్నదే.

నేను పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేశాను. మోకాళ్లు అరిగాయి. ఆ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అందుకే ఏదైనా సగంలో ఆగిపోతే నాకు ఒళ్లు మండుతుంది. పక్కింటావిడ ఏదో చెబుతూ చెబుతూ కుక్కర్ కూత విని లోపలికి పోతే, ఆమె వెనకాలే వంటింట్లోకి పోయి మిగతాది చెప్పించుకునే దాకా కదలను. ఆమెకు నేనంటే భయం.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా పంట లేదు కాబట్టి ఊరి కళ్లం ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంది కాబట్టి ధర్మవరం నుంచి ఒక సెట్టి వచ్చి అందులో సినిమా డేరా వేశాడు. మామూలు రోజుల్లో పొద్దుగూకాకే ఆట. శనివారం బడి ఒంటిపూటే కదా అని, ఆ రోజు మధ్యాహ్నం కూడా ఆట వేయాలని ఆయనకు బుద్ధి పుట్టింది. అనంతపురంలో వేస్తున్నారు, మనమెందుకు వేయకూడదన్నాడు. అనంతపురం థియేటర్లకు గోడలున్నాయి, పైకప్పు ఉంది. మా డేరాకు ఉన్నవి చిల్లులు. రెండు గంటల ఎండలో మొదటి ఆట వేస్తే తెర మీద ఏమీ కనబడలేదు. గుర్రాల డెక్కల చప్పుడు విన్నాం, కత్తుల చప్పుడు విన్నాం, ఇళ్లకు వచ్చాం.

దానికి విరుగుడు మా పక్కింటి తాత చెప్పాడు. ఆయన గొర్రెల కాపరి. "ఏం సెట్టీ, మా కాడ కంబళ్లు ఉండాయి కదప్పా. పైన కప్పితే చీకటి కాదా?" అన్నాడు. ఆ మాటతో ఊళ్లో కొత్త పద్ధతి వచ్చింది. ఒక కంబళి తెచ్చినవాడికి ఒక ఆట ఉచితం. చుట్టుపక్కల కాపరులంతా మధ్యాహ్నం మందను నీడకు తోలే వేళకు కంబళ్లు భుజాన వేసుకుని వచ్చేవాళ్లు. నల్లటి గొర్రెబొచ్చు కంబళ్లు డేరా పైన పరిచి, చుట్టూ వేలాడదీసేవాళ్లు. లోపల చీకటి వచ్చింది. చీకటితో పాటు ఉక్క, గొర్రె వాసన కూడా వచ్చాయి. మందలన్నీ డేరా నీడలో పడుకునేవి. తెర మీద యుద్ధం ముదిరినప్పుడు బయట నుంచి గొర్రెలు అరిచేవి. ఆట అవగానే ఎవరి కంబళి వాళ్లు లాక్కునేవాళ్లు. అప్పుడు వెలుతురు భళ్లుమని పడి, ఇంతసేపూ పక్కన కూర్చున్నది ఎవరో తెలిసేది.

పాత సినిమాకు ముందు సీరియలు ఒక భాగం వేసేవాళ్లు. ఎక్కడో పరదేశంలో తీసినది. ముసుగు వేసుకున్న వీరుడు, తెల్ల గుర్రం, ఒంటికన్ను దుర్మార్గుడు. తెలుగు మాటలన్నీ ఒకే మనిషి చెప్పాడు, కథానాయిక మాటలతో సహా. ప్రతి భాగం చివరా వీరుడు చావబోయేవాడు. అంతలో "మిగతా వచ్చే శనివారం" అని పలక పడేది. ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఉన్న రోజులను నేను మనసారా ద్వేషించాను.

నన్ను మా నాయన భుజం మీద ఎక్కించుకుని తీసుకుపోయేవాడు. మాకు నాలుగెకరాల మెట్ట చేను ఉండేది. పని చేసుకోవడం, మబ్బు వైపు చూడడం, ఈ రెండే ఆయనకు తెలిసిన పనులని నేననుకునేదాన్ని. "నాకేంటికి సినిమాలు? పాప ఏడుస్తాదని పోతాండా" అని ప్రతి శనివారం అమ్మకు చెప్పి బయలుదేరేవాడు.

ఆ ఏడాది కార్తెలు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి, మేఘం లేదు. ఊళ్లో కప్పలకు పెళ్లి చేయాలనుకున్నారు. తీరా చూస్తే ఊళ్లో ఒక్క కప్పా లేదు. వాన లేని చోట కప్ప ఏం పని మీద ఉంటుంది? ఇద్దరు మనుషులు బుక్కరాయసముద్రం చెరువు దాకా పోయి, రెండు కప్పలను తడిగుడ్డలో కట్టి బస్సులో తెచ్చారు. పెళ్లివారని తెలిసి కండక్టరు ముందు సీటు ఇచ్చాడట. పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. తలంబ్రాల మధ్యలో పెళ్లికూతురు ఎగిరి, డోలు కిందికి దూరి, మళ్లీ కనబడలేదు. వాన కూడా కనబడలేదు.

ఆ తర్వాతి శనివారమే ఏడో భాగం వచ్చింది. దుర్మార్గుడి మనుషులు వీరుడిని పాతకాలపు బావిలోకి తోశారు. వీరుడు తాడు పట్టుకుని సగంలో వేలాడుతున్నాడు. అడుగున నీళ్లు లేవు, సూదిగా నిలబడ్డ రాళ్లున్నాయి. ఒంటికన్నువాడు కత్తి తీసి నవ్వుతూ తాడు కోశాడు. ఒక్క పోగు మిగిలింది. డేరాలో ఉన్నవాళ్లంతా "దేవుడా" అని అరిచారు. కాలనీలోని క్రైస్తవులు "ప్రభువా" అని అరిచారు. నేను నాయన జుట్టు రెండు చేతులా పట్టుకుని అరిచాను. పలక పడింది. తర్వాత పాత సినిమా నడిచింది, అయిపోయింది. కాపరులు కంబళ్లు లాగేశారు గాని వెలుతురు పడలేదు. పైన మబ్బు కమ్ముకుని ఉంది. ఇళ్లకు చేరేలోగా మంచి పదును వాన కురిసింది. సోమవారానికి ఊరంతా విత్తనం వేసేసింది.

మరుసటి శనివారం నేను అన్నం కూడా సరిగా తినకుండా పోయి ముందు కూర్చున్నాను. ఆపరేటరు ఎనిమిదో భాగం డబ్బా మూత తీస్తున్నాడు. అప్పుడు ఊరి పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఊళ్లో ఏ తగువైనా ఆయన చెప్పిందే తీర్పు.

"ఆపప్పా. ఎనిమిదోది వద్దు. పోయిన వారం ఆడినదే ఆడీ" అన్నాడు.

"అదేంటికి పెద్దాయనా?" అన్నాడు సెట్టి.

"ఆ పొద్దు వాడు బావిలో యాలాడతాంటే ఊరంతా ఒక్కసారి దేవుడా అనె. నా డెబ్బై ఏండ్లలో ఈ ఊరు ఒక్క మాట మీద నిలబడింది నేను సూడలేదు. దేవుడు గూడా సూసిండడు. ఉలిక్కిపడి వాన ఇడిసినాడు. మొలకొచ్చింది, ఇంగో వాన కావాల. ఏడోదే ఆడీ."

పెద్దవాళ్లంతా తలలూపారు. సెట్టికి కొత్త డబ్బా తెప్పించే శ్రమ తప్పింది, ఆయనా తలూపాడు. ఎనిమిదో భాగం డబ్బాను తీసుకుపోయి డేరా వెనక తన మంచం కింద పెట్టుకున్నాడు. నేను గుక్కపట్టి ఏడ్చాను. ఆ ఏడుపు కూడా వానకు మంచిదేనని పెద్దాయన మెచ్చుకున్నాడు.

ఆ రోజు అరిస్తే వాన రాలేదు గాని కొండ అవతల మెరిసింది. పెద్దాయన రాత్రంతా ఆలోచించినట్టున్నాడు, లోపం ఎక్కడుందో కనిపెట్టాడు. మొదటి రోజు ఎవరు ఎక్కడ కూర్చున్నారో అక్కడే కూర్చోవాలి. అప్పుడు ఏం చేశారో ఇప్పుడూ అదే చేయాలి. మొదటి రోజు వచ్చి ఆ తర్వాత కూలి పనికి బెంగళూరు పోయిన ఒకాయన చోటు ఖాళీగా ఉందని ఆయనకు కార్డు రాసి పిలిపించారు. నేను నాయన భుజం మీద ఉండి ఆయన జుట్టు పట్టుకోవాలని తీర్పు అయింది. పట్టు జారకుండా నాయన ఆటకు ముందు తలకు నూనె రాసుకోవడం మానేశాడు.

అందరికన్నా కష్టం మా ఎదురింటి వడ్రంగికి వచ్చింది. మొదటి రోజు ఆయన ఏడో భాగమంతా నిద్రపోయాడు. కాబట్టి ఇప్పుడూ నిద్రపోవాలి. పాపం, పడుకున్నాడు. ఊరంతా తననే చూస్తుంటే నిద్ర ఎట్లా పడుతుంది?

"కండ్లు మూసుకున్నా కదప్పా, ఇంగేం కావాల?" అన్నాడు.

"గురకేదీ?" అన్నాడు పెద్దాయన.

ఇట్లా వారం వెనక వారం ఏడో భాగమే ఆడింది. కబురు పాకి ముదిగుబ్బ వైపు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. వాళ్లకు చీకటి చాలడం లేదని కంబళ్లు రెండు వరసలు వేశారు. పోను పోను వీరుడిని పట్టించుకునేవాళ్లు లేకుండా పోయారు. తాడు కోసేది దుర్మార్గుడు కదా, వానకు మూలం అతనే కదా! ఒంటికన్నువాడు కత్తి తీయగానే చప్పట్లు కొట్టేవాళ్లు. ఒకావిడ తెర దగ్గరకు పోయి అతనికి టెంకాయ కొట్టింది. వీరుడు మాత్రం వారం వారం ఆ ఒక్క పోగు పట్టుకుని అట్లాగే వేలాడాడు. అతని కోసం బాధపడేది ఆ డేరాలో నేనొక్కదాన్నేనని నా నమ్మకం. ఈ పెద్దవాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అరుస్తూనే ఉన్నాం. వాన రాలేదు. మా చేలో బుడ్డల చెట్లకు పూత వచ్చి, కాయ కాసే ఊడలు నేలలోకి దిగే రోజులు. నేల గట్టిపడిపోయి ఊడ దిగలేకపోతోంది. మధ్యాహ్నానికి ఆకులన్నీ ముడుచుకునేవి. నాయన గట్టు మీద కూర్చుని చూసేవాడు, మళ్లీ సాయంత్రం పోయి చూసేవాడు. ఇంకొక వారం చూసి, వాన రాకపోతే చెట్లు పీకి ఎద్దులకు వేస్తానని అమ్మతో చెప్పాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాను.

ఆ వారమే పెద్దాయన రచ్చకట్ట దగ్గర చెప్పాడు. "ఈ శనివారమే కడాఖరు. ఈసారి గూడా రాకపోతే ఏడో భాగానికి మహిమ లేదని అర్థం. పై వారం ఎనిమిదోది ఆడుకోపో సెట్టీ."

అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అరిస్తే వాన వస్తుంది. వాన వస్తే మళ్లీ మళ్లీ ఏడోదే ఆడుతుంది, వీరుడు జన్మంతా వేలాడుతూనే ఉంటాడు. అరవకపోతే వాన రాదు. మా చేను పోతుంది, ఎనిమిదో భాగం వస్తుంది. పెద్దాయన లెక్క ప్రకారం ఒక్క గొంతు తగ్గినా పని చెడుతుంది. నాలుగు రోజులు చేనుకూ వీరుడికీ మధ్య కొట్టుకున్నాను. శనివారం పొద్దున నిశ్చయించుకున్నాను. అరవను. నాయన ముఖం చూడలేక, ఆ రోజు గంజి తల వంచుకునే తాగాను.

డేరా కిటకిటలాడింది. ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు. ఒంటికన్నువాడు కత్తి తీశాడు. నేను పళ్లు బిగించాను. చాలదని పెదవులు లోపలికి మడిచి కొరికి పట్టుకున్నాను. కత్తి తాడు మీద ఆడింది. సరిగ్గా ఆ క్షణాన డేరా పైన పిడుగు పడ్డట్టు ఉరిమింది. ఎవరు అరిచారో, ఎంత గట్టిగా అరిచారో ఏమీ వినబడలేదు. ఆ ఉరుము ఆగేసరికి కంబళ్ల మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి.

"కంబళ్లు తీయండప్పా, తడిస్తే బరువు!" అని సెట్టి కేక పెట్టాడు.

"ఒగటి కూడా కదిలీయొద్దండి! వానొస్తాండాది, ఆట ఆపొద్దు!" అని పెద్దాయన అంతకన్నా పెద్ద కేక పెట్టాడు.

ఆట ఆగలేదు. పాత సినిమా మొదలైంది. రెండు వరసల గొర్రెబొచ్చు కంబళ్లు కడుపారా నీళ్లు తాగాయి. గుంజలు మెల్లగా వంగాయి. తెర మీద పెళ్లి పాట నడుస్తుండగా ఒక గుంజ విరిగింది, దాని వెనక ఇంకొకటి, ఆ తర్వాత ఆకాశం మొత్తం మా నెత్తిన కూర్చుంది. చీకట్లో తడి కంబళి కింద ఊరు ఊరంతా పాకింది. తడిసిన గొర్రెలు కూడా లోపలికి జొరబడ్డాయి. ఒకావిడ మొగుడి చెయ్యనుకుని పొట్టేలు కాలు పట్టుకుని బయటికి వచ్చింది. నాయన నన్ను చంకన ఇరికించుకుని మోకాళ్ల మీద నడుస్తూ బయటపడ్డాడు. ఎవరికీ ఏమీ కాలేదు. వడ్రంగిని మాత్రం కాళ్లు పట్టుకుని ఈడ్చవలసి వచ్చింది.

బయట అందరూ వానలో నిలబడి నవ్వుతున్నారు, ఎగురుతున్నారు. పెద్దాయన పంచె పైకి కట్టి చిందులు వేశాడు. కళ్లం నిండా నీళ్లు పారుతున్నాయి. సెట్టి మంచం తేలింది, కింద ఉన్న డబ్బా బోర్లా పడి మూత ఊడింది. ఎనిమిదో భాగం నల్లటి రిబ్బనులా బురదలో సాగిపోతూ ఉంది. ఒక గొర్రె కాళ్లకు చుట్టుకుంది. నేను పరుగెత్తి ఒక ముక్క పట్టుకుని మబ్బు వెలుగుకు పెట్టి చూశాను. గుర్రం కాలు కనబడింది. అంతే.

నేను అక్కడే నీళ్లలో కూలబడి ఏడ్చాను. నాయన వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏంటికి ఏడుస్తాండావు పాపా? చేను బతికె కదా!"

"నేను అరవలేదు నాయనా" అన్నాను. "కావాలనే అరవలేదు."

కొడతాడనుకున్నాను. ముఖం మీద నీళ్లు తుడుచుకుని, "ఊరంతా అరిచినారు కదా, నువ్వొక్కదానివి అరవకపోతే ఏమైతాదిలే" అన్నాడు.

"మరి వాడు బావిలో పడిపోయినాడా?"

నాయన పారే నీళ్ల వైపు చూశాడు. "ఇంత వాన పడె. బావి నిండింటాది పాపా. పడినా నీళ్లలోనే పడతాడు. ఈదుకోని పైకొచ్చేస్తాడు" అన్నాడు.

ఆ మాట పట్టుకునే నేను పెరిగాను. సెట్టి మిగిలిన డేరా గుడ్డ చుట్టుకుని పోయాడు, మళ్లీ రాలేదు. ఆ ఏడు మా చేను బాగానే పండింది. ఏడో భాగం మహిమ మాత్రం ఊళ్లో ఉండిపోయింది.

అదీ సంగతి. మొన్న ఆ మెసేజీ చూశాక నాకు ఉండబట్టలేదు. ఇంతకాలం దాచిన మాటను రెండు వేళ్లతో టైపు చేసి గ్రూపులో పెట్టేశాను. "చివరి శనివారం నేను అరవలేదు. ఎనిమిదో భాగం చూడాలని నోరు మూసుకున్నాను. తప్పయింది, క్షమించండి."

మొదట, అప్పట్లో కార్డు రాసి బెంగళూరు నుంచి పిలిపించినాయన రాశాడు. "నేనూ అరవలేదమ్మా." కాలనీ నుంచి ఒకావిడ, "మా ఇంట్లో ఎవరమూ ప్రభువా అనలేదు" అని పెట్టింది. పక్కింటి తాత మనవడు, "మా తాత కంబళి నోట్లో కుక్కుకున్నాడంట" అన్నాడు. పెద్దాయన మనవడు చివర్లో వచ్చాడు. "మా తాత గూడా అరవలేదంట. పోయే ముందు మా నాయనకు చెప్పి పోయినాడు. ఎవురికీ చెప్పొద్దన్నాడు." వడ్రంగి కొడుకు మాత్రం, "మా నాయన ఆ పొద్దు నిజంగానే నిద్రపోయినాడు" అని రాశాడు. వెంటనే నలుగురు, అయితే వానకు కారణం ఆ నిద్రేనని, ఆయన్ను ఇప్పుడు కళ్లంలో పండబెట్టమని రాశారు.

నేను పగలబడి నవ్వుతూ ఇదంతా మా నాయనకు చదివి వినిపించాను. ఆయన అనంతపురంలో నా దగ్గరే ఉంటాడు. కుర్చీలో కూర్చుని బుడ్డలు ఒలుస్తున్నాడు. అంతా విని, ఇంకో కాయ చిదిమాడు.

"నేనూ అరవలేదులే" అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. "నువ్వా? నాలుగెకరాలు ఎండిపోతాంటే?"

"ఏండ్లుగా ఎండుతానే ఉండె కదా పాపా. వాడేమైనాడో సూద్దామని."

"బావి నిండింటాది, ఈదుకోని వస్తాడని నువ్వే కదా నాకు చెప్పింది?"

"నీకు నేను చెప్పినా" అన్నాడు. "నాకెవరు చెప్పినారు?"

చేతిలోని పప్పు నా అరచేతిలో పోసి, మళ్లీ ఒలవడం మొదలుపెట్టాడు. నేను ఫోను తీసి గ్రూపులో ఇంకొక మెసేజీ పెట్టాను. ఏడోది వద్దు, ఎనిమిదోది వెతకండి, మా నాయనకు కావాలి.